ఊరికే ఎగిరిన దుప్పటి

మనిషన్నాక ఏదో ఒక వ్యసనం ఉంటుంది. ఒకరు పేకాటకి చిక్కుతారు, ఒకరు సీసాకి చిక్కుతారు, ఇంట్లోవాళ్ళకి తెలియకుండా నానా తంటాలూ పడి దాచుకుంటారు. అందులో ఒక అర్థం ఉంది. ఈ ఇంటి కోడలు దాచుకున్నది మాత్రం ప్రోగ్రాములు రాయడం. ఆమె ఉద్యోగమే అది కదా, జీతం తెచ్చే విద్యని దాచుకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే, అంటారు. అక్కడే ఉంది తిరకాసు.

వారమంతా ఆమె ఒక ఆఫీసులో, కిటికీకి దూరంగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని, బస్సులూ లారీలూ నడిపే కంపెనీల్లో ఎవరు ఎన్ని సెలవులు వాడుకున్నారో చూసే ప్రోగ్రాముకి మరమ్మతులు చేస్తుంది. ఎప్పుడో ఎవరో రాసి, తమ పాపాన్ని తర్వాతివాళ్ళ నెత్తిన రుద్ది వెళ్ళిపోయిన ప్రోగ్రాం అది. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట ఊడుతుంది. డ్రైవరు అరపూట సెలవు పెడితే నెలంతా రానట్టు చూపిస్తుంది. దాన్ని సరిచేస్తే, జ్వరమని పడుకున్నవాణ్ణి ఏకంగా రిటైర్ చేసేస్తుంది. మేనేజరు మంచివాడు. సాయంత్రం అయ్యేసరికి, "ఇంక లేవండమ్మా, అది రేపు కూడా అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు" అని తనే లైట్లు ఆర్పేస్తాడు. శని, ఆదివారాలు ఆఫీసుకి తాళం.

ఆదివారం వచ్చిందంటే ఆమె వేరే మనిషి. ముందుగదిలో బాల్కనీ తలుపు పక్కనున్న చిన్న బల్ల మీద సొంత లాప్‌టాప్ తెరిచేది. ఆఫీసులో ఈడ్చుకుంటూ కదిలే వేళ్ళు ఇక్కడ పరుగులు పెట్టేవి. రాసేవన్నీ ఎందుకూ కొరగానివి. వాన చినుకులు తెర మీద పడి జారిపోయే ప్రోగ్రాం ఒకటి. అక్షరాలు చీమల్లా బారులు తీరి నడుస్తుంటే, ఒకదాన్ని నొక్కగానే అన్నీ చెల్లాచెదురయ్యే ప్రోగ్రాం ఇంకొకటి. ఎవరూ అడగలేదు, ఎవరూ వాడరు, తప్పుంటే ఎవరూ ఫోన్ చేసి ప్రాణం తీయరు. ఎంత హాయో. ఇలాంటి పనికిమాలినవాళ్ళే ఇంకొంతమంది, ఎక్కడెక్కడివాళ్ళో, నెట్‌లో ఒక గుంపు కట్టారు. అందులో అసలు పేర్లు ఉండవు. తాబేలు, గుడ్లగూబ, అరటితొక్క, ఇవీ వాళ్ళ పేర్లు. ఈమె పేరు ఉడుత. ఎవరైనా తాము రాసినదాన్ని తీసుకొచ్చి గుంపులో పెడితే, పెద్ద కంపెనీల లెవెల్లో దాన్ని 'రిలీజు' అనుకుని మురిసిపోయేవాళ్ళు.

ఇంట్లో చెప్పొచ్చు కదా అంటే, సిగ్గు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. లిఫ్టులకి ఆదివారం లేదు కాబట్టి అతనికీ లేదు. ఒకసారి టీవీలో ఎవరో కుర్రాడు సరదాకి ప్రోగ్రాములు రాస్తానని చెబుతుంటే అతను పడీ పడీ నవ్వాడు. "నేను ఆదివారం పూట సరదాకి లిఫ్టు ఎక్కి దిగుతున్నానా?" అన్నాడు. అందరితో పాటు ఈమె కూడా నవ్వింది. నవ్వాక ఇంకేం చెబుతుంది? నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇల్లూ వాకిలీ వదిలేసి తెర మీద చీమల్ని నడిపిస్తోందంటే ఎవరి ముందు తలెత్తుకుంటుంది?

అబద్ధం మొదలైంది కూడా మాటతో కాదు. ఒక ఆదివారం అత్తగారు చీపురు పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, కోడలు తెరకి అతుక్కుపోయి ఉండటం చూసింది.

"ఏంటమ్మా, ఇవాళ కూడా ఆఫీసు పనేనా?" అంది జాలిగా.

"ఊఁ" అంది కోడలు.

అంతే. అదొక మాట కూడా కాదు, మూలుగు. ఆ మూలుగు ఆమెకి మంచి వీలుగా కుదిరింది. తర్వాతి వారం అత్తగారు మళ్ళీ అడిగితే, "రిలీజు ఉందత్తయ్యా" అంది. అది అబద్ధం కాదు చూడండి. నిజంగానే రిలీజు ఉంది, గుంపులో. చదువుకున్నవాళ్ళ తెలివి ఇలాంటి చోట్లే బాగా పనిచేస్తుంది. అబద్ధం ఆడకుండా మోసం చేయడం ఎలాగో వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అత్తగారికి ఆ మాట మంత్రమైపోయింది. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న మనిషి. తన రోజుల్లో ఒక స్కూలు హాస్టల్లో వంటింటిని నడిపింది. నూరుమంది పిల్లల్ని ఒక్క గరిటెతో అదుపులో పెట్టిన మనిషికి పని అంటే గౌరవం. ఆదివారం వస్తే చాలు, ఇల్లంతా ఆవిడ నెత్తిన వేసుకునేది. గిన్నెలు ఆవిడవే, బట్టలు ఆవిడవే. కోడలు మొహమాటానికి లేవబోతే, "కూర్చో, కూర్చో. రిలీజు కదా" అని భుజం పట్టుకుని కూర్చోబెట్టేది. పక్కింటి టీచరమ్మ కబుర్లకి వస్తే గుమ్మంలోనే ఆపేసి, "మా కోడలికి రిలీజండీ" అని గొంతు తగ్గించి చెప్పేది. "ఏం సినిమా?" అని టీచరమ్మ అడిగిందట ఒకసారి. అత్తగారు నొచ్చుకుంది. "నవ్వులాట కాదు. పాపం, ఆదివారం కూడా దాన్ని పీల్చి పిప్పి చేస్తున్నారు" అంది. తలుపు అవతల జరిగిన ఈ సంభాషణ తలుపు ఇవతల కోడలికి స్పష్టంగా వినిపించింది. చెవులు వేడెక్కాయి. అయినా చేతులు ఆగలేదు. అదే కదా వ్యసనమంటే.

ఆ రోజుల్లోనే దుప్పటి పిచ్చి పట్టింది ఆమెకి.

బాల్కనీలో తాడు మీద నీలం చారల దుప్పటి ఆరేసి ఉంది. గాలి వచ్చి దాని పొట్ట నింపింది, మళ్ళీ వదిలేసింది. అంచు ఒక్కసారి విదిలించుకుని, మెల్లగా తన మడతల్లోకి తనే ముడుచుకుని వేలాడింది. దీన్ని తెర మీద ఎగరేస్తే ఎలా ఉంటుంది అనుకుంది కోడలు. ఇంక తిండి సహించలేదు. తెర మీద దుప్పటి అంటే ఏమీ లేదు, చుక్కల వరసలు. ప్రతి చుక్కా పక్క చుక్క చెయ్యి పట్టుకుని ఉంటుంది. గాలి ఒక చుక్కని తోస్తే అది పక్కదాన్ని లాగుతుంది, అది ఇంకోదాన్ని. చేతులు మరీ గట్టిగా పట్టుకుంటే దుప్పటి రేకులా బిర్రబిగుసుకుంటుంది. మరీ వదులుగా పట్టుకుంటే ముద్దలా జారిపోతుంది. ఒక వారం ఎక్కడో ప్లస్సు బదులు మైనస్సు పడి, దుప్పటి కిందికి వేలాడకుండా పైకి పడిపోయింది. ఆమెకి నవ్వాగలేదు. లోపలి గదిలోంచి అత్తగారు, "ఏమైందమ్మా?" అంది. "ఏం లేదత్తయ్యా, ఆఫీసువాళ్ళ తప్పొకటి దొరికింది" అంది కోడలు. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం.

మడతలు ఎలా పడతాయో చూడాలంటే అసలు దుప్పటిని చూడాలి. అందుకని అత్తగారు బట్టలు ఆరేసే వేళకి ఈమె బల్ల దగ్గర సిద్ధంగా ఉండేది. అద్దం తలుపులోంచి కళ్ళార్పకుండా చూసేది. తడి దుప్పటికీ ఆరిన దుప్పటికీ నడకలో ఎంత తేడా ఉందో, క్లిప్పు పెట్టిన చోట గుడ్డ ఎలా ముడుచుకుంటుందో, ఇవన్నీ ఆమె కనిపెట్టింది. లేచి వెళ్ళి రెండో కొస పట్టుకోవాలని మాత్రం తట్టలేదు. ఒకరోజు ఫోన్ పట్టుకుని బాల్కనీ గుమ్మంలో నిలబడి ఆ ఆరేయడమంతా వీడియో తీసింది. "నన్నెందుకమ్మా తీయడం, ఈ అవతారంలో" అని అత్తగారు సిగ్గుపడింది. ఆవిణ్ణి తీస్తున్నదెవరు, దుప్పటిని కదా.

ఆ మధ్యనే ఒకసారి, కాఫీ కప్పు చేతికిస్తూ అత్తగారు అంది. కాఫీ సగం సాసర్లో పడింది. "నీకు వీలున్నప్పుడు ఒక పూట కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దామా అమ్మా? ఆదివారం కూడా చూస్తారట. అబ్బాయికి ఎలాగూ కుదరదు."

"ఈ రిలీజు అయిపోనివ్వండత్తయ్యా" అంది కోడలు, తెర మీంచి తల తిప్పకుండా.

"అలాగేలే, తొందరేముంది. అద్దాలు మార్చాలేమో, అంతే" అంది ఆవిడ. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తలుపు చెక్కకి భుజం కొట్టుకుంటే, "ఈ ఇల్లు కట్టినవాడికి కొలతలు రావు" అని మేస్త్రిని తిట్టింది. అందరూ నవ్వారు. చలికాలం వెళ్ళి ఎండలు వచ్చాయి. దుప్పటి ఇంకా రిలీజు కాలేదు.

చివరికి అయింది. ఒక ఆదివారం సాయంత్రం ఉడుత తన దుప్పటిని గుంపులో పెట్టింది. నిజం దుప్పటికీ తన దుప్పటికీ తేడా చూసుకోమన్నట్టు పక్కనే ఆ వీడియో కూడా పెట్టింది. గుంపు గుంపంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. గుడ్లగూబ దాన్ని అరగంట చూశానని రాశాడు. అరటితొక్క, తన గదిలోకి గాలి వచ్చినట్టుందన్నాడు. ఆఫీసులో ఇన్నేళ్ళలో ఎవరూ అనని మాటలు. ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళే బస్సులో మళ్ళీ ఒకసారి ఆ పొగడ్తలు చదువుకుందామని ఫోన్ తెరిచింది. అట్టడుగున తాబేలు రాసింది ఉంది. "చాలా బాగుంది. ఒకమాట అడగొచ్చా? వీడియోలో పెద్దావిడ క్లిప్పు కోసం వెతుకుతున్నారు, అది ఎదురుగా తాడు మీదే ఉంది. ఆవిడకి సరిగ్గా కనబడట్లేదేమో. మీవాళ్ళేనా?"

ఆమె వీడియో పెట్టి చూసింది. ఎన్నోసార్లు చూసిందే. కానీ ఎప్పుడూ చూసింది మధ్యలో ఎగిరే గుడ్డని. ఈసారి ఎడమ అంచున ఉన్న చేతిని చూసింది. ఆ చెయ్యి తాడు వెంట తడుముకుంటూ వెళ్ళి, క్లిప్పుని దాటిపోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ దాటిపోయింది. వేలికి తగిలాక గబుక్కున పట్టుకుంది. పట్టుకుని, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు ఫోన్ వైపు తిరిగి నవ్వింది అత్తగారు. సరిగ్గా అప్పుడు వీడియోలో కోడలి గొంతు వినిపించింది. "అత్తయ్యా, కొంచెం పక్కకి జరగండి. దుప్పటి కనబడట్లేదు."

బస్సులో చుట్టూ జనం. పక్కన కూర్చున్నామె, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. ఈమెకి తల కొట్టేసినట్టయింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు, తాబేలట, ఒక్కసారి చూసి పట్టుకున్నాడు. తను ఒకే ఇంట్లో ఉండి, ఒకే అద్దంలోంచి వారాల తరబడి చూసి, అంగుళం అంగుళం గుడ్డని చూసి, మనిషిని పక్కకి జరగమంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆఫీసుకి వెళ్ళి సెలవు అడిగింది. "తీసుకోండమ్మా, మీ సెలవులన్నీ వాడకుండా మూలుగుతున్నాయి" అన్నాడు మేనేజరు. ఆయన అంత మంచిగా ఉండకపోతే బాగుండుననిపించింది ఆమెకి.

ఆ పూటే కళ్ళ ఆస్పత్రిలో అత్తగారు ఇస్త్రీ బట్టల్లో, పెళ్ళికొచ్చినట్టు కూర్చుంది. పేరు రాసుకునే అమ్మాయికి అడగకుండానే చెప్పింది. "మా కోడలమ్మా. ఆఫీసువాళ్ళు ఊపిరాడనివ్వరు. ఇవాళ నాకోసం ఎలాగో తప్పించుకుని వచ్చింది." కోడలు తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూసింది.

డాక్టరమ్మ ఒక గుండ్రటి డబ్బాలో అత్తగారి తల పెట్టించి, వెలుగు చుక్కలు కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. చుక్కలు వస్తూనే ఉన్నాయి. మీట చప్పుడు ఎప్పుడో ఒకసారి గానీ వినబడలేదు. తెర మీద కోడలికి చూపు ఎంతవరకు ఉందో చూపే పటం కనిపించింది. ఎడమ కంటి పటంలో మధ్యన కొంచెం తెలుపు, చుట్టూ అంతా నలుపు. కుడి కంటిది కాస్త నయం, అంతే.

"నీటికాసులు" అంది డాక్టరమ్మ. "కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతూ వచ్చింది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. ఎన్నాళ్ళ నుంచి ఇబ్బందిగా ఉందమ్మా?"

"ఈ మధ్యనేనండి" అంది అత్తగారు, కోడలి వైపు చూడకుండా.

"ఇది ఈ మధ్యది కాదు. మందు చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది. పోయింది మాత్రం తిరిగి రాదు. ఆరు నెలల ముందు వచ్చుంటే చాలావరకు మిగిలేది."

ఆ వాక్యం డాక్టరమ్మ రోజూ ఎంతమందితో అంటుందో. మామూలుగానే అంది. చీటీ రాసిచ్చి తర్వాతివాళ్ళని పిలిచింది.

ఆ సాయంత్రం భర్తకి వంటింట్లో అంతా చెప్పేసింది. చీమల దగ్గర్నుంచి తాబేలు దాకా. అతను నవ్వలేదు. చేతికున్న గ్రీజు కడుక్కుంటూ చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డాడు. "నా తప్పూ ఉంది. అమ్మని నేనైనా తీసుకెళ్ళాల్సింది" అన్నాడు. తర్వాత, "అమ్మకి చెప్పకు. చెబితే కన్ను వస్తుందా? ఆఫీసు పని అనుకోనీ. అదైతే మనసుకి కాస్త తేలిక" అన్నాడు. ఆమెకి కూడా అదే కావాలి. నోరు మూసుకోవడమంత సుఖం ఇంకోటి లేదు. పైగా దానికి దయ అని పేరు కూడా పెట్టుకోవచ్చు.

నాలుగు రోజులు అలాగే నడిచింది. కానీ అత్తగారు ఊరుకునే మనిషి కాదు కదా. తన కన్ను పోయినందుకు ఆవిడకి ఎవరో ఒకరి మీద కోపం రావాలి. కోడలి మీద రాలేదు. కొడుకు మీద రాలేదు. ఆఫీసు మీద వచ్చింది. శనివారం మధ్యాహ్నం కోడలు కంట్లో చుక్కలు వేయడానికి సీసా తీసుకుని వెళితే, ఆవిడ మంచం మీద ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ మేనేజరు నంబరు చెప్పు" అంది.

"ఎందుకత్తయ్యా?"

"నాలుగు మాటలు అడగాలి. ఆదివారం కూడా ఆడమనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే ఇళ్ళల్లో ఏం జరుగుతుందో ఆయనకి తెలియాలి. నువ్వు భయపడకు, నీ పేరు చెడకుండా మాట్లాడతాను. ఆ హాస్టల్లో ఎంతమంది అధికార్లతో మాట్లాడలేదు నేను."

కోడలికి లైట్లు ఆర్పే ఆ మనిషి గుర్తొచ్చాడు. పాపం, ఏమీ ఎరగడు.

"ఆఫీసు పని కాదత్తయ్యా."

"ఏది?"

"ఆదివారాలు నేను చేసింది. ఒక్కరోజు కూడా ఆఫీసు పని కాదు. వాళ్ళు ఎప్పుడూ అడగలేదు. ఆఫీసుకి ఆదివారం తాళం వేసి ఉంటుంది."

"మరి రిలీజన్నావు?"

"అది నా రిలీజు. నాకోసం రాసుకున్నాను."

"నీకోసమంటే? ఇంకో ఉద్యోగమా?"

"కాదు. ఊరికే. కంప్యూటర్లో దుప్పటి గాలికి ఎగిరేట్టు రాశాను. దేనికీ పనికిరాదు. రాస్తుంటే బాగుంటుంది, అంతే. మీరు ఆరేస్తుంటే అది చూసి రాశాను. మన దుప్పటే." అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. "మీరు క్లిప్పు కోసం తడుముకుంటున్నారు. నేను చూస్తూనే ఉన్నాను అత్తయ్యా. దుప్పటినే చూశాను."

అత్తగారు ఫోన్ తీసి దిండు పక్కన పెట్టింది. పెట్టిన చోటు సరిగ్గా ఉందో లేదో చేత్తో ఒకసారి చూసుకుంది.

"ఊరికేనా" అంది చివరికి.

"నన్ను తిట్టండత్తయ్యా."

"తిడితే ఏమొస్తుంది." ఆవిడ గొంతులో కోపం ఉంటే కోడలు బతికిపోయేది. లేదు. "చప్పుడైతే నీ పని చెడుతుందని నేను టీవీ పెట్టుకునేదాన్ని కాదు. పని అయిపోయాక ఈ గదిలో గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఊరికే అని ఒక్కమాట చెబితే, వచ్చి నీ పక్కన కూర్చునేదాన్ని కదే. అది ఎలా ఎగురుతోందో నేనూ చూసేదాన్ని. అప్పుడైతే నాకు కనిపించేది కూడా."

చుక్కల వేళ దాటిపోతోంది. అత్తగారు తనే తల వెనక్కి వాల్చి, కళ్ళు విప్పి పైకి చూసింది. కోడలు వంగి, ఒక చేత్తో రెప్ప పైకెత్తి, సీసా నొక్కింది. చుక్క జారి చెంప మీద పడింది.

"కంట్లో పడలేదమ్మా" అంది అత్తగారు, తల అలాగే ఉంచి. "ఇంకోటి వెయ్యి."